వాకిలి వైపు తిప్పిన బూట్లు

ఆక్లాండ్ శివారు బోటనీ డౌన్స్‌లోని మా ఇంట్లో గరాజ్ ఉందన్న మాటే గానీ అందులో కారు పెట్టింది లేదు. కారు బయటే వానకు తడుస్తుంది. లోపల ఉండేవి పాత సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, మా ఆవిడ బొమ్మల కొలువు పెట్టెలు, ఒక్కసారి వాడి చుట్టి పెట్టిన టెంటు. ముందుగా నమోదు చేసుకుంటే సిటీ కౌన్సిల్ వాళ్ళు ఏడాదికోసారి ఇంటి ముందుకు వచ్చి పనికిరాని సామాను పట్టుకుపోతారు. ఈసారి వాళ్ళు వచ్చేలోగా గరాజ్ నేల కంటికి కనపడాలని మా ఆవిడ పట్టుబట్టింది. ఒక శనివారం పొద్దున నేనూ మా అమ్మాయి నిత్యా ఆ పనిలోకి దిగాం. నిత్యకి పదహారేళ్ళు. తెలుగు బాగా అర్థమవుతుంది గానీ మాట్లాడదు, నన్ను ఆటపట్టించాలనుకున్నప్పుడు తప్ప. నేను చదువుకున్న రోజుల నాటి అట్టపెట్టె అడుగు నుంచి అది ఒక డీవీడీ కేసు బయటికి లాగింది. అట్ట మీద మూసిన తలుపు, తలుపు ముందు వరసగా బూట్లు, పైన జపనీస్ అక్షరాలు. మూలన, సిటీలో ఎప్పుడో మూతపడిన వీడియో షాపు తాలూకు పసుపు స్టిక్కరు. వారంలో తిరిగి ఇవ్వాల్సిన సినిమా ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది.

"డాడ్, ఇది సైకో అంకుల్‌దా?" అంది నిత్య.

ఆ పేరు దానికి నేర్పింది నేనే. ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ ఏది జరిగినా, భోజనాలయ్యాక, పేపరు ప్లేట్లు మడిచే వేళకి ఎవరో ఒకరు అడిగేవారు: "ప్రసాద్ గారూ, మీ సైకో ఫ్లాట్‌మేట్ కథ చెప్పండి, కొత్తవాళ్ళు వినలేదు." నేను చెప్పేవాణ్ణి. మా ఫ్లాట్‌లో ఒకడుండేవాడు, ఎప్పుడు చూసినా జపాన్ సినిమాలే, మనుషులు ఒకళ్ళనొకళ్ళు చంపుకునే ఆటల సినిమాలు. చూసిందే చూస్తాడు, వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తాడు. నేను భయపడి గడియ పెట్టుకుని పడుకునేవాణ్ణి. ఆఖరికి పిల్లనిస్తామన్నవాళ్ళకి ఎలాగో తెలిసి పరారయ్యారు! ఇక్కడ అందరూ నవ్వేవాళ్ళు. నేను పడుకున్నది హాల్లో, హాలుకి గడియే లేదన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు. గడియ సంగతి పోనివ్వండి, అది కథకి చల్లిన కొత్తిమీర. ఆ 'ఎలాగో' అన్న మాట మాత్రం అలా వదిలేయదగింది కాదు. ఇది రాస్తున్నది దానికోసమే.

అప్పట్లో మేము ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో, యూనివర్సిటీకి నడిచి వెళ్ళేంత దూరంలో, ఎత్తయిన బిల్డింగులో ఉండేవాళ్ళం. ఒకటే బెడ్రూము. అది మాలో పెద్దవాడైన శేషన్నయ్యది. కాకినాడలో అకౌంటెంటుగా చేసి, ఇక్కడికి వచ్చి పెట్రోలు బంకులో పనికి కుదిరిన మనిషి. హాల్లో రెండు పరుపులు, ఒకటి నాది, ఒకటి రాజేందర్‌ది. రాజేందర్‌ది కరీంనగర్ వైపు. నాది తెనాలి దగ్గర. నేను సాయంత్రాలు ఒక సుషీ కొట్టులో అన్నం చుట్టేవాణ్ణి, అతను లైబ్రరీలో పుస్తకాలు సర్దేవాడు. ఆ ఫ్లాటు తలచుకుంటే ముందు గుర్తొచ్చేది వాసన: కార్పెట్‌లోకి దిగిపోయిన ఇంగువ, ఎప్పటికీ ఆరని తువ్వాళ్ళ చెమ్మ, పక్క ఫ్లాటు చైనా పిల్లల నూడుల్స్ ఆవిరి. శేషన్నయ్యకి గోంగూర పచ్చడి లేకపోతే ముద్ద దిగదు. స్నానం చేసి, షవర్ కడ్డీ మీద పంచె ఆరేసి, విభూతి పెట్టుకుని, దానిమీద బంకు వాళ్ళిచ్చిన టోపీ పెట్టుకుని డ్యూటీకి వెళ్ళేవాడు.

ఆ ఇంట్లో వంటకి ఇద్దరు కావాలి. ఒకరు తాలింపు వేయాలి, రెండోవాళ్ళు పొగ అలారం కింద నిలబడి తువ్వాలు విసరాలి. ఆవాలు చిటపటమన్నాయంటే తువ్వాలు ఊపాల్సిందే. ఏమరుపాటున అలారం మోగిందా, మా ఒక్క ఫ్లాటుతో పోదు, బిల్డింగు మొత్తం మోగుతుంది. రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి, చాలా మర్యాదగా, ప్రశాంతంగా మెట్ల మీదుగా బయటికి వెళ్ళమని అందరినీ కోరుతుంది. పై అంతస్తుల నుంచి పైజమాల్లో, తడి జుట్టుతో జనం దిగొచ్చి పేవ్‌మెంట్ మీద నిలబడతారు. ఫైరింజను వస్తుంది. హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు పైకి వెళ్ళి, మా మాడిన మిరపకాయల గిన్నె చూసి దిగొస్తారు. అలా రెండుసార్లు నా చేతి మీదుగా జరిగింది. ఇంకోసారి జరిగితే ఫ్లాటు ఖాళీ చేయిస్తానని బిల్డింగు మేనేజరు నా మొహం మీదే చెప్పి వెళ్ళాడు.

జపాన్ సినిమాలు మా ఇంటికి రాజేందర్ తెచ్చిన అలవాటు. తెలుగు సినిమాలకి లోటు లేదు. ఇండియన్ షాపులో కందిపప్పుతో పాటు సీడీలూ దొరికేవి. కానీ ఆదివారం మధ్యాహ్నం, పప్పన్నం తిని ముగ్గురం పరుపుల మీదకి చేరాక, అతను వీధి చివరి వీడియో షాపు నుంచి తెచ్చింది పెట్టేవాడు. ఒకదాంట్లో ఊరందరూ కలిసి నెలకొక ఇంటిని ఓటు వేసి పంపేస్తారు. పంపేటప్పుడు పండ్ల బుట్ట కూడా ఇస్తారు. ఇంకోదాంట్లో పరీక్ష తప్పినవాళ్ళని ఓడెక్కిస్తారు. ఓడ తిరిగొచ్చేసరికి ఒక్కడే దిగాలి. మొదట్లో నేను మొహం పక్కకి తిప్పుకునేవాణ్ణి. శేషన్నయ్య మాత్రం మొదటి పావుగంటలో నిద్రపోయి, పేర్లు పడే వేళకి లేచి, "చివరికి ఎవరు మిగిలారురా?" అని అడిగి, జవాబు వినకుండానే టీ పెట్టడానికి లేచేవాడు.

నన్ను లాక్కున్నది అట్ట మీద బూట్లున్న ఆ సినిమా. జపాన్ పేరు మాకు నోరు తిరగక 'పళ్ళేల సినిమా' అనుకునేవాళ్ళం. కొండమీద మూతపడ్డ వేడినీటి హోటలు. పని దొరకని కుర్రాళ్ళని, అమ్మాయిలని శిక్షణ అని చెప్పి ఒక సర్కారీ శాఖ అక్కడికి తీసుకొస్తుంది. తెల్లవారగానే మైకులో కసరత్తు పాట. తర్వాత ఒక ఆఫీసరు వచ్చి వంగి నమస్కారం పెట్టి, నిన్న మీరందరూ ఎంతో శ్రమించారు, మీకు మా కృతజ్ఞతలు అంటాడు. భోజనానికి పిలుస్తారు. ప్రతి పూటా ఒక పళ్ళెం తక్కువ ఉంటుంది. పళ్ళెం దక్కనివాళ్ళు పెద్ద తలుపు తీసుకుని బయటికి వెళ్ళాలి. తలుపవతల ఏముందో చూపించరు, ఒక చప్పుడు వినిపిస్తుంది, అంతే. ఎవరినీ కొట్టమని ఆ ఆఫీసరు చెప్పడు. కొట్టుకోవడం, తొయ్యడం, గొంతు పట్టుకోవడం వాళ్ళే కనిపెట్టుకుంటారు. వాళ్ళలో తక్కువ మాట్లాడే అమ్మాయి ఒకతి. ఎవరు వెళ్ళాల్సి వచ్చినా వాళ్ళకంటే ముందు తలుపుకి లోపలి వాకిట్లోకి వెళ్ళి, వాళ్ళ బూట్లు తీసి, కొనలు తలుపు వైపు ఉండేలా తిప్పి పెట్టి వస్తుంది. రాజేందర్ వెనక్కి తిప్పి తిప్పి చూసేది ఆ సీనే. రక్తం వచ్చే చోట అతను లేచి మంచినీళ్ళు తాగొచ్చేవాడు. ఇదీ నా కథలో నేనెప్పుడూ చెప్పలేదు.

"అదేం పిల్లరా, చావడానికి పోయేవాడి బూట్లు సర్దుతోంది? రాక్షసి," అన్నాను ఒకసారి.

"రాక్షసి గాదు. వంగి తిప్పుకునే పని లేకుంట చేస్తున్నది. గా టైముల గా మర్యాద ఒక్కటే ఇయ్యగలదు ఆమె," అన్నాడు రాజేందర్.

నాకు నమ్మకం కుదరలేదు. సుషీ కొట్టు ఓనరమ్మ జపాన్ ఆవిడ. మర్నాడు ఆవిణ్ణే అడిగాను. ఆవిడ అలాంటి సినిమాలు తనెప్పుడూ చూడలేదని, టీవీలో పిల్లుల కార్యక్రమాలే చూస్తానని నవ్వి, బూట్ల సంగతికి మాత్రం ఆలోచించి జవాబిచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో చుట్టం వెళ్ళేటప్పటికి ఇంటివాళ్ళు బూట్లు అలా తిప్పి ఉంచుతారట. దారి సుఖంగా సాగాలని. "కానీ మీ సినిమాలో ఏ అర్థంతో పెట్టారో నాకేం తెలుసు?" అంది. అప్పటినుంచి నాకు ఆ సినిమాల మీద ఆసక్తి పుట్టింది. ఇంత వంగి నమస్కారాలు పెట్టుకునే దేశం తన మీద తనే ఇలాంటి కథలు ఎందుకు అల్లుకుంటుంది? అంత దూరపు కథ మాకెందుకు తెలిసినట్టే ఉంటుంది?

రెండో ప్రశ్నకి జవాబు రాజేందర్ దగ్గర ఎప్పుడో ఉంది. "గిది మా హాస్టలే గదరా," అన్నాడు ఒక ఆదివారం. ఇంటర్మీడియట్‌కి మేమిద్దరం ఒకే రకం రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివాం, వేరువేరు ఊళ్ళలో. తెల్లారకముందే గంట. గోడల మీద అంతకుముందు ఏడాది ర్యాంకర్ల ఫొటోలు. ప్రతి వారం పరీక్ష, మెస్సు తలుపు మీద ర్యాంకులు. ర్యాంకు మారితే సెక్షన్ మారుతుంది, సెక్షన్ మారితే గది మారుతుంది. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట మోసుకుని వరండాలో పిల్లలు ఎదురుబొదురుగా నడిచేవాళ్ళు, పైకి పోయేవాళ్ళు ఇటు, కిందికి పోయేవాళ్ళు అటు. రాజేందర్ పక్క మంచం కుర్రాడు ఒక్కో వారం ఒక్కో సెక్షన్ దిగుతూ పోయాడట. ఒక పొద్దున చూస్తే అతని ట్రంకు పెట్టె లేదు. టిఫిన్ దగ్గర వార్డెన్ చిరునవ్వుతో, "ఇవ్వాళ్టి నుంచి ఒక ప్లేటు తగ్గించండి" అని వంటవాళ్ళకి చెప్పాడట. ఎవరూ ఎందుకని అడగలేదు. సాయంత్రానికి ఆ మంచం మీద వేరే పరుపుచుట్ట ఉంది.

"ఏమయ్యాడ్రా అతను?" అన్నాను.

"గదే నాకింతవరకు ఎరుకలేదు. నేను గూడ అడగలే. ఇడ్లీ తిన్న. గందుకే చూస్త గీ సినిమాలు. ఎవరో ఒకడన్న గా ప్లేటు సంగతి సినిమా తీసిండు గద అని."

నిద్రపోతున్నాడనుకున్న శేషన్నయ్య కళ్ళు మూసుకునే, "నన్నక్కడ పడేస్తే మొదటి పూటే పోతానర్రా, పచ్చడి లేదు కదా," అని అందరినీ నవ్వించాడు. ఆ నవ్వు ఊపులో నేను నా హాస్టలు కథ ఎత్తుకున్నాను. రెండేళ్ళూ నేను పై సెక్షన్‌లోనే ఉన్నాను, అది నాకు గొప్ప. మా గదిలో నాకంటే ఒక్క ర్యాంకు ముందున్న కుర్రాడు దుప్పట్లో దాచుకుని డిటెక్టివ్ నవలలు చదువుతున్నాడని వార్డెన్ చెవిలో ఒక్క మాట వేశాను. కొట్టలేదు, తిట్టలేదు, ఒక్క మాట. వారం తిరిగేసరికి వాడు సెక్షన్ మారిపోయాడు. ఇది అప్పటిదాకా ఎక్కడ చెప్పినా నవ్వు వచ్చేది.

రాజేందర్ నవ్వలేదు. సినిమా ఆపి నా వైపు చూశాడు, కోపంగా కాదు, లెక్క తేలినవాడిలా. "గా హోటల్ల పడేస్తె నువ్వే గెలుస్తవ్‌రా ప్రసాదూ."

నేను మురిసిపోయాను. "ఎందుకంటావ్?"

"నువ్వు ఎవ్వర్ని చంపవ్. చంపెటోనికి తలుపు తీస్తవ్, గంతే."

"అబ్బా, డైలాగు!" అన్నాడు శేషన్నయ్య. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం ఆ వారమంతా చేప ముల్లులా గొంతులో అడ్డం పడి ఉంది.

ఆ రోజుల్లో రాజేందర్‌కి ఒక సంబంధం నడుస్తోంది. అమ్మాయి పేరు మమత. ఊరెళ్ళినప్పుడు పెళ్ళిచూపులు అయ్యాయి, ఇద్దరూ ఇష్టపడ్డారు, ముహూర్తం పెట్టుకోవడమే తరువాయి. ఇండియన్ షాపులో ఫోను కార్డు కొని, వెనకాల గీకి, అంత పొడుగు నంబరు నొక్కి, బాల్కనీలోకి తీగ లాక్కుని ఆమెతో మాట్లాడేవాడు. ఏం మాట్లాడుకుంటారో అని ఓసారి చెవి వేశాను. పళ్ళేల సినిమా కథ చెబుతున్నాడు! పెళ్ళి కావలసిన పిల్లకి చెప్పే కథేనా అది? అవతల ఆమె ఏదో అడగడం, ఇతను ఆగి, ఆలోచించి జవాబివ్వడం. ఫోను పెట్టేసి, "అడుగుతనే ఉన్నదిరా, ఆ పిల్ల ఎందుకు తిరగబడలే అని. నేను ఆ ముచ్చటే ఆలోచించలే," అన్నాడు, ఏదో దొరికినవాడి మొహంతో. అలాంటి మొహం అంతకుముందు నేను అతనిలో చూడలేదు.

మన సంబంధాల్లో వాకబు అని ఒక ఘట్టం ఉంటుంది. పిల్లవాడు దూరదేశంలో ఉంటే అతని పక్కన ఉండేవాళ్ళకి పిల్ల తరఫువాళ్ళు ఫోను చేస్తారు. ఆ ఫోనులో ఎవరూ ఎవరినీ చెడ్డవాడనరు. అనడం మర్యాద కాదు. పిల్లవాడు బాగున్నాడనుకుంటే, "కళ్ళు మూసుకుని ఇచ్చేయండి" అంటారు. లేదా, "మంచివాడేనండీ" అని, ఊపిరి తీసుకుని, ఆగుతారు. అవతలి పెద్దవాళ్ళు మాటలు వినరు, ఆ ఆగడాన్ని వింటారు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, మా ఇంట్లో అత్తయ్యల పెళ్ళిళ్ళకి వాకబులు జరుగుతుంటే విని పెరిగాను.

ఆదివారం నాటి మాట ఇంకా గొంతులో ఉండగానే ఆ ఫోను వచ్చింది. సాయంకాలం, ఇంట్లో నేనొక్కణ్ణే. తువ్వాలు పట్టే మనిషి లేకపోయినా, ఆకలేసి చారుకి తాలింపు పెట్టాను. నూనె కాగుతుండగా ఫోను మోగింది.

"బాబూ, నేను కరీంనగర్ నుంచి, మమత మేనమామను మాట్లాడుతున్న. రాజేందర్, నువ్వు ఒక్కకాడనే ఉంటరట గద. పిలగాడు ఎట్లాంటోడు? జర ఉన్నదున్నట్టు చెప్పు బాబూ, నీ చెల్లెలసొంటిది."

"మంచివాడేనండీ," అన్నాను.

ఆగాను.

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నదేమంటే, స్టవ్ మీద గిన్నె చూసుకోవడానికి ఆగానని. అది నిజం కాదు. గిన్నె నాకు కనిపిస్తూనే ఉంది, ఆవాలు పేలుతూనే ఉన్నాయి. నేను ఆగింది ఆ ఆగడం ఏం చేస్తుందో తెలిసే. అవతల పెద్దాయన గొంతు మారింది. "ఏమన్న ఉంటె చెప్పు బాబూ."

"అబ్బే, తాగుడూ అదీ ఏం లేదండీ. సినిమాలే. జపాన్ వాళ్ళవి, ఒకళ్ళనొకళ్ళు చంపుకునేవి. చూసిందే మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తుంటాడు. నేను చెప్పానని అనకండి. మనిషి మంచివాడే."

ఒక్క అబద్ధం లేదు. గొంతులో ఎంత మెత్తదనం! ఆ హోటలు ఆఫీసరు కూడా నా దగ్గర పాఠం నేర్చుకునేవాడు. పెద్దాయన మంచిది బాబూ అని పెట్టేశారు. నేను రిసీవరు పట్టుకునే నిలబడ్డాను. అప్పటికి ఆవాలు బొగ్గయి, మిరపకాయలు కమురుకుని, పొగ పైకప్పుకి తాకింది. అలారం మోగింది. మర్యాద గల ఆడగొంతు నన్ను ప్రశాంతంగా బయటికి వెళ్ళమని కోరింది.

పేవ్‌మెంట్ మీద జనం మధ్యలో నిలబడి ఉంటే లైబ్రరీ నుంచి వస్తూ రాజేందర్ నన్ను చూశాడు. "ఏందిరా, మళ్ళ మాడగొట్టినవా? తువ్వాలెవరు పట్టిన్రు?" అని పకపకా నవ్వాడు. ఫైరింజను వాళ్ళు దిగొచ్చాక మేనేజరు మా వైపే వచ్చాడు, మీ ఇద్దరిలో స్టవ్ దగ్గర ఎవరని. అతని కళ్ళు అప్పటికే నా మీద ఉన్నాయి. రాజేందర్ పుస్తకాల సంచి భుజాన వేసుకునే చెయ్యెత్తాడు. నేనేనన్నాడు. క్షమించమన్నాడు. మేనేజరు అతనికి మొదటి హెచ్చరిక ఇచ్చి వెళ్ళిపోయాడు. "నువ్వంటె వెళ్ళగొడ్తడు గదరా. నాది ఫస్టే," అని నా వీపు తట్టి లిఫ్టు వైపు నడిచాడు. అప్పుడు చెప్పొచ్చు. మేనమామకి తిరిగి ఫోను చేయొచ్చు, గొంతులో ఆ ఆగడం లేకుండా మళ్ళీ చెప్పొచ్చు. ఆ రాత్రి మాడిన గిన్నె తోమాను, అంతే చేశాను.

కొన్నాళ్ళకి జాతకాలు కుదరలేదని అటునుంచి కబురొచ్చింది. ఫోను కార్డులు కొనడం ఆగిపోయింది. ఆదివారాలు టీవీ ముందు శేషన్నయ్య ఒక్కడే, ఏమీ ఆడకపోయినా, అలవాటుగా నిద్రపోయేవాడు. చదువవగానే రాజేందర్‌కి వెల్లింగ్టన్‌లో ఒక ప్రభుత్వ శాఖలో కంప్యూటర్ పని దొరికింది. బస్సు దాకా సూట్‌కేసు నేనే మోశాను. "షాపుల సినిమా ఇచ్చెయ్యిరా," అన్నాడు ఎక్కబోతూ. ఇవ్వలేదు. నేను సెటిల్ అయ్యాను, పెళ్ళయింది, బోటనీలో ఇల్లు కొన్నాం. మొదటి పాట్‌లక్‌లో ఎవరో ఫ్లాట్ రోజుల గురించి అడిగితే ఆ కథ నోట్లోంచి దానంతటదే వచ్చింది. నవ్వారు. నవ్వినకొద్దీ పెంచాను. ఒక మనిషికి చేసిన పనిని పదిమందీ నవ్వే కథ చేసుకుంటే అది చేసినట్టే అనిపించదని అప్పుడు తెలిసింది.

డీవీడీ చేత్తో పట్టుకుని గరాజ్‌లో నిలబడ్డ నిత్య ఆ సినిమా చూద్దామంది. ఇప్పుడు దాని స్నేహితులంతా ఇలాంటి ప్రాణాంతకమైన ఆటల సీరియళ్ళే చూస్తారు, పార్టీలకి ఆ వేషాలూ వేసుకుంటారు. ఒకప్పుడు పెళ్ళి చెడగొట్టడానికి సరిపోయిన అలవాటు ఇప్పుడు పదహారేళ్ళ పిల్లలందరిదీ. కానీ మా ఇంట్లో డీవీడీ పెట్టే యంత్రం ఒక్కటీ లేదు. దాంతో బియ్యం బస్తా మీద కూర్చుని కథ నేనే చెప్పాల్సొచ్చింది. ఆఫీసరు మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి. పళ్ళేలు గుర్తున్నాయి. "మరి ఆ బూట్ల అమ్మాయి చివరికి ఏమైంది?" అని నిత్య ఇంగ్లీషులో అడిగింది. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. అన్నిసార్లు చూసిన సినిమా ముగింపు తుడిచిపెట్టినట్టు పోయింది. సినిమా తర్వాత హాస్టలు కథ చెప్పాను, హాస్టలు వెనకే ఫోను కథ వచ్చింది. నిత్య కేసు మూసి నా చేతిలో పెట్టి, ఈసారి తెలుగులో అంది: "అయితే సైకో ఆయన కాదు."

ఆఫీసు పని ఒకటి కల్పించుకుని వెల్లింగ్టన్ వెళ్ళాను. విమానం ఎప్పటిలాగే గాలికి ఊగి ఊగి దిగింది. రాజేందర్ ఇల్లు కొండ మీద, రోడ్డు నుంచి మెట్లెక్కాలి. తలుపు దాటగానే ఉన్న చిన్న వాకిట్లో బూట్లు విప్పి లోపలికి వెళ్ళాను. జుట్టు నెరిసింది గానీ మనిషి అదే. భార్య, కొడుకు ఈతకి వెళ్ళారట, ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. టీ ఇచ్చాడు. నేను డీవీడీ బల్ల మీద పెట్టి, గరాజ్ నుంచి మొదలుపెట్టి పాట్‌లక్‌ల దాకా చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు.

"నాకు ఎరుకనేరా," అన్నాడు అయ్యాక. "మేనమామ ఇంట్ల చెప్పిండు, మమత నాకు చెప్పింది. ఆ కథంత నాకు ముందే తెలుసు మామా అని కొట్లాడింది పాపం. ఇనలే వాళ్ళు. లాస్టు సారి ఫోన్ల ఏమన్నదో ఎరుకనా? మీ దోస్తు అబద్ధమైతె ఏం చెప్పలే గద అన్నది."

"మరి నన్నెప్పుడూ అడగలేదేం?"

"నువ్వు చెప్తవేమో అని చూసిన. మొదట్ల కోపంతోని చూసిన. తర్వాత తమాషకు చూసిన. తర్వాత మర్సిపోయిన." కప్పు పక్కన పెట్టి ముందుకి వంగాడు. కళ్ళల్లో ఆ పాత ఆదివారాల కుతూహలం. "ఒక్కటి మాత్రం ఎప్పటికి సమజ్ గాలే. తాగుడు లేదన్నవు, మంచోడన్నవు. గంత పెద్దమనిషి ఎట్ల భయపడ్డడు? ఎట్ల అన్నవో జర అని చూపియ్యి."

"వద్దురా."

"అను."

"మంచివాడేనండీ," అన్నాను. ఆగాను.

బయట గాలి కిటికీని కొడుతోంది. రాజేందర్ ఆ ఆగడాన్ని చివరిదాకా విన్నాడు. "గంతేనా?" అన్నాడు నెమ్మదిగా. "గింత చిన్నగ ఉంటదనుకోలే."

క్షమించమన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. "నాకు చెప్తె నీకు ఖతమైతది. నాకెందుకు? ఏయే ఇండ్లల్ల ఆ కథ చెప్పి నవ్విచ్చినవో, ఆడ చెప్పు ఇది. నవ్వు రాదు, అయినా చెప్పు." చెబుతానన్నాను. గుర్తున్న ఇళ్ళకి వెళ్ళి చెబుతూనే ఉన్నాను. "పోనిద్దురూ, పాత సంగతి" అని అక్కడివాళ్ళు పులిహోర గిన్నె ముందుకి జరుపుతున్నారు. గుర్తులేని ఇళ్ళ కోసం ఇలా రాస్తున్నాను.

లేస్తూ, నిత్య అడిగిన ప్రశ్న అతన్ని అడిగాను. ఆ సినిమా చివర్లో ఆ అమ్మాయి ఏమవుతుంది?

"మర్సినవా?" అని నవ్వాడు. "లాస్టు పూట ఒక్క పళ్ళెం గూడ ఉండదు. ఆమె వాకిట్లకు పోతది. చూస్తె ఆమె బూట్లు అప్పటికె ఎవరో తిప్పి పెట్టి ఉంటరు. ఎవరో చూపియ్యరు. తొడుక్కుంటది. తలుపు తీస్తది. ఐపాయె." అంటూ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాడు. కుళాయి చప్పుడు వినిపించింది. నేను గోడ మీద అతని కొడుకు వేసిన బొమ్మలు చూస్తూ కాసేపు నిలబడ్డాను. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, వాకిలి దాకా వెళ్ళి, గాలికి తలుపు కొట్టుకోకుండా చూసి, తిరిగొచ్చి నాకు చెయ్యిచ్చాడు.

వాకిట్లోకి వచ్చాను. వచ్చేటప్పుడు నేను కొనలు ఇంటి లోపలి వైపుగా విప్పి వదిలేసిన నా బూట్లు జతగా, కొనలు తలుపు వైపు తిరిగి ఉన్నాయి. ఓనరమ్మ చెప్పిన అర్థంతో పెట్టాడో, సినిమా అర్థంతో పెట్టాడో నేను అడగలేదు. వంగి తిప్పుకునే పని లేకుండా తొడుక్కుని, మెట్లు దిగాను.